మీకు తెలుసా? మందుల్లేని పంటకు గిరాకీ ఎక్కడ పుడుతుందో

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. పసుపు, వడ్లు, మామిడి, పత్తి పండే నేల ఇది. బీడీలు చుట్టే చేతులు, మరమగ్గాలు, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు కూడా ఇక్కడివే. 'ఆర్గానిక్' అనే మాట ఈ ఊళ్ల దుకాణాల్లోకి వచ్చి చాలా కాలమైంది. కొనే చేతులు మాత్రం ఇంకా తక్కువే. ఈసారి సంగతులన్నీ ఆ కొనే చేతుల గురించే.

నాలుక మాట విన్న పొలాలు

జేజీఎల్ 1798 అంటే ఎవరికీ తెలియదు. 'జగిత్యాల సన్నాలు' అంటే తెలియని వాళ్లుండరు. రెండూ ఒకటే. జగిత్యాల పక్కన పొలాసలో ఉన్న వ్యవసాయ పరిశోధన స్థానంలో తయారైన వరి రకం ఇది. సాంబ మసూరికీ, వరంగల్ రకమైన కావ్యకూ సంకరం చేసి తీశారు. సాంబ మసూరి నుంచి సన్న గింజ వచ్చింది. కావ్య నుంచి ఉల్లికోడును తట్టుకునే గుణం వచ్చింది.

ఉల్లికోడు దోమను పోలిన చిన్న ఈగ. దాని పిల్లపురుగు పిలక మొదట్లో చేరిందంటే ఆ పిలక వెన్ను వేయదు, తెల్లటి గొట్టమై పైకి లేస్తుంది. ఉత్తర తెలంగాణ వరికి ఇది పాత శత్రువు. దానికోసం గుళికలు చల్లడం, మందు కొట్టడం మామూలు. విత్తనంలోనే తట్టుకునే శక్తి ఉంటే ఆ ఒక్క పురుగు కోసం డబ్బా మూత తీయాల్సిన పని తప్పుతుంది. సేంద్రియం గురించి మాట్లాడేటప్పుడు మనం పేడ, గోమూత్రం దగ్గరే ఆగిపోతాం. మందు తగ్గించడంలో విత్తనం చేసే పనిని లెక్కలోకి తీసుకోం. పొలాస వాళ్లు దశాబ్దాలుగా చేస్తున్నది అదే.

అసలు చెప్పదలచుకున్నది వేరే ఉంది. ఒకప్పుడు ఈ జిల్లాల్లో దొడ్డు బియ్యం అన్నమే రోజూ అన్నం. సన్న బియ్యం పండుగకో, చుట్టాలొచ్చినప్పుడో. తర్వాత జనం నాలుక మారింది. దుకాణంలో సన్నబియ్యం అడిగారు, దుకాణదారు మిల్లును అడిగాడు, మిల్లు రైతును అడిగింది. చివరికి ప్రభుత్వమూ ఆ దారికే వచ్చింది. 2024 వానకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ పెట్టింది, 2025 ఉగాది నుంచి రేషన్ షాపుల్లో సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. సన్నబియ్యం తినండని ఎవరూ ఊరేగింపు తీయలేదు, గోడల మీద నినాదాలు రాయలేదు. రోజూ అడిగారు, అంతే. లక్షల ఎకరాల్లో విత్తనం మారిపోయింది. 'మందుల్లేనివి ఉన్నయా?' అనే ప్రశ్నకు ఆ బలం ఇంకా రాలేదు, ఎందుకంటే దాన్ని అడిగేవాళ్లు ఏడాదికోసారి, ఎవరికైనా జబ్బు చేసినప్పుడు మాత్రమే అడుగుతున్నారు.

కొనేవాడు పోతే

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఇక్కడే ఉంది. మల్లాపూర్ మండలం ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల చెరుకు వేసే రైతుకు దగ్గరలో కొనే గేటు లేకుండా పోయింది. నేల అదే, నీళ్లు అవే, రైతు చేతిలో పనితనమూ అదే. చెరుకు మాత్రం తగ్గిపోయింది. సేంద్రియ సాగుదీ అదే కథ. పొలాసలో వ్యవసాయ కళాశాల ఉంది, కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది, పక్కజిల్లా నిజామాబాద్‌లో పసుపు బోర్డు వచ్చింది. అయినా సేంద్రియ రైతు ఏటా వెనకడుగు వేస్తున్నాడంటే, సాగు తెలియక కాదు. పండిన పంటను వేరు సంచిలో పట్టుకుని ఎవరి దగ్గరికి పోవాలో తెలియక.

ముందు పరదేశానికి, తర్వాత మనకు

మన దేశంలో సేంద్రియ పంటలకు పక్కా ప్రమాణాలు 2001లో వచ్చాయి. ఎవరి కోసం? విదేశాలకు ఎగుమతి చేసే సరుకు కోసం. దేశంలో మనం కొనే సంచి మీద 'ఆర్గానిక్' అని రాయాలంటే ఏం ఉండాలో చెప్పే నియమాలను ఆహార భద్రత సంస్థ 2017లో తెచ్చింది, అవి 2018 జులై నుంచి అమల్లోకి వచ్చాయి. నడుమ పదిహేడేళ్లు! అన్నేళ్లూ జర్మనీ వాడు తినే పసుపుకు లెక్క ఉంది, జగిత్యాల వాడు తినే పసుపుకు నమ్మకం తప్ప మరేమీ లేదు.

ఇప్పుడు ప్యాకెట్ మీద ఆకుపచ్చ సేంద్రియ గుర్తు చూడాలి. దాని వెనక రెండు దారులున్నాయి. ఒకటి ఎగుమతులకూ పనికొచ్చే దారి. బయటి సంస్థ వచ్చి పొలం, లెక్కల పుస్తకం తనిఖీ చేసి ధ్రువపత్రం ఇస్తుంది. ఖర్చు ఎక్కువ, రెండెకరాల రైతుకు అందదు. రెండోది పీజీఎస్ (పార్టిసిపేటరీ గ్యారంటీ సిస్టమ్). దీంట్లో కనీసం అయిదుగురు రైతులు ఒక గుంపుగా చేరి ఒకరి పొలం మరొకరు చూసుకుంటారు, తప్పు చేసినవాణ్ణి గుంపే నిలదీస్తుంది. దేశంలో అమ్ముకోవడానికి మాత్రమే ఇది చెల్లుతుంది. ఊళ్లో ఎవరు యూరియా బస్తా దించుకున్నారో పట్నం నుంచి వచ్చే ఇన్‌స్పెక్టరు కంటే పక్క చేను వాడికే ముందు తెలుస్తుంది కదా. నాకైతే ఈ పద్ధతి మీదే ఎక్కువ గురి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఏడాదికి 12 లక్షల రూపాయల టర్నోవరు దాటని చిన్న రైతు, లేదా చిన్న రైతుల సంఘం, తినేవాళ్లకే నేరుగా అమ్మితే ఈ ధ్రువపత్రం తప్పనిసరి కాదు. అంటే ఆదివారం అంగట్లో గోనె పరిచి కూర్చున్న అవ్వ దగ్గర కాగితం లేదని తోసిపుచ్చనక్కర్లేదు. అడగాల్సింది వేరు.

"అవ్వా, వీటికి మందు కొట్టిన్రా?" అంటే "లే బిడ్డా" అనే వస్తుంది, ఎవరైనా అదే అంటారు. "పురుగొస్తే ఏం జేస్తరే అవ్వా?" అని అడిగి చూడండి. నిజంగా చేసేవాళ్లకు ఈ ప్రశ్న అంటే పండుగ. వేపగింజలు ఎప్పుడు ఏరారో, ఎంతసేపు నానబెట్టారో, ఏ ఏడు పంట సగం పురుగు పాలైందో అన్నీ చెబుతారు. చేయనివాళ్లు మాట మార్చి తూకం మీదికి పోతారు.

ఆకుపచ్చ త్రికోణం

పురుగుమందు డబ్బా మీద కూడా ఆకుపచ్చ గుర్తు ఉండొచ్చు! డబ్బా మీది రంగు త్రికోణం విషం తీవ్రతను చెబుతుంది. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే 'విషం తక్కువ' అని మాత్రమే, 'సేంద్రియం' అని కాదు. "పచ్చ గుర్తు మందే కొట్టిన" అని ఎవరైనా ధీమాగా చెబితే, ఆ గుర్తు ఏం చెబుతుందో మీకిప్పుడు తెలుసు.

ప్యాకెట్ల మీద 'సహజం', 'నేచురల్', 'ఫామ్ ఫ్రెష్' అని పెద్ద అక్షరాలతో కనిపించే మాటలకు ఆ ధ్రువపత్రపు బరువు లేదు. పొలం బొమ్మ, ఎద్దుల బండి బొమ్మ కూడా అంతే.

పసుపు ఎంత పచ్చగా ఉంటే అంత మంచిదా?

కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు గురించి చెప్పబోతే తాతకు దగ్గులు నేర్పినట్టే. వానలు పడగానే దుంప పెట్టడం, సంక్రాంతి దాటాక తవ్వడం, కొమ్ము, మండ వేరు చేయడం, ఉడకబెట్టి కళ్లంలో ఆరబోయడం ఇంటింటికీ తెలుసు. తెలియాల్సింది బంగ్లాదేశ్ కథ.

1980ల్లో అక్కడ వరదలకు పసుపు తడిసి రంగు మాసింది. కొనేవాళ్లు మాసిన కొమ్మును తిరగ్గొట్టారు. మెరుగు పెట్టేచోట ఎవరో లెడ్ క్రోమేట్ కలిపారు. గోడలకూ, ఫర్నిచర్‌కూ వేసే రంగుల్లో వాడే సీసపు పొడి అది. కొమ్ము ధగధగలాడింది, అమ్ముడుపోయింది, అలవాటైపోయింది. దశాబ్దాల తర్వాత గర్భిణుల రక్తంలో సీసం ఎందుకుందని వెతుకుతూ పోయిన పరిశోధకులు చివరికి వంటింటి పసుపు డబ్బా దగ్గర తేలారు. 2019లో ఆ ఫలితాలు బయటికొచ్చాయి. అక్కడి ప్రభుత్వం మార్కెట్ల మీద దాడులు చేసింది, జరిమానాలు వేసింది, ఊరూరా చాటింపు వేసినంత పని చేసింది. 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో సీసం దొరికితే, 2021 నాటికి ఒక్కదాంట్లోనూ దొరకలేదు. అంత పాత కల్తీ రెండేళ్లలో పోయింది.

దీంట్లో రెండు ముక్కలు మనకు పనికొస్తాయి. మొదటిది, విషం చేలో మొదలు కాలేదు, కొనేవాళ్ల కంట్లో మొదలైంది. రెండోది, మందుల్లేకుండా పండించడం వేరు, కల్తీ లేకుండా అమ్మడం వేరు. ఎంతో జాగ్రత్తగా పండిన సేంద్రియ కొమ్ము కూడా పొడయ్యేచోట పాడు కావచ్చు. కాబట్టి తెలిసిన రైతు దగ్గర, మెరుగు పెట్టని కొమ్ములే కొనండి. ముడతలు ముడతలుగా, మట్టి రంగులో ఉంటాయి, చూడ్డానికి బాగుండవు. కడిగి, ఎండబెట్టి, దంచి, కళ్లముందే గిర్నీలో పట్టించుకోండి.

ఖర్చు సంగతి కూడా తేల్చుకుందాం. రోజంతా బీడీలు చుట్టే ఇంట్లో, మగ్గం మీద బతికే ఇంట్లో 'ఆర్గానిక్ తినండి' అని ఉపన్యాసం ఇవ్వడం అన్యాయం. ఆ మాట ఒప్పుకునే లెక్క వేద్దాం. ఓ ఇంటికి ఏడాదికి మూడు కిలోల పసుపు పడుతుందనుకోండి. మందుల్లేని దానికి కిలోకు వంద రూపాయలు ఎక్కువ పెట్టినా ఏడాది మొత్తానికి మూడు వందలు, నెలకు పాతిక. అదే బియ్యం దగ్గర నెలకు ముప్పై కిలోలకు, కిలోకు ఇరవై ఎక్కువనుకుంటే నెలకు ఆరు వందలు. చాలా ఇళ్లకు అది మోయలేని మాట. మరి మొదలుపెట్టేది బియ్యంతో ఎందుకు? పసుపు, కారం, మెంతులు, ధనియాలతో మొదలుపెట్టొచ్చు. కొంచెమే వాడతాం, రోజూ వాడతాం, తేడా జేబుకు తెలియదు. రైతుకు మాత్రం తెలుస్తుంది. వంద ఇళ్లు మూడేసి కిలోలు చెప్పి పెట్టుకుంటే మూడు క్వింటాళ్ల పసుపుకు కొనేవాళ్లు ముందే దొరికినట్టు.

గల్ఫ్‌కు పోయేవాళ్ల పెట్టెల్లో పచ్చడి సీసా పక్కన పసుపు పొట్లం ఎలాగూ ఉంటుంది. ఆ పొట్లం కట్టేటప్పుడు మాత్రం ఏ రైతు పసుపో అమ్మలు వాకబు చేస్తారు. ఇంట్లో ఉన్నవాళ్లకూ అదే వాకబు చేస్తే ఏం పోయింది?

బెల్లం రంగు

వేములవాడ రాజన్నకు కోడె మొక్కుతో పాటు నిలువెత్తు బెల్లం తూచి ఇచ్చే భక్తులూ ఉంటారు. దుకాణాల ముందు అచ్చుల వరుస చూస్తే బంగారు రంగువే ముందుంటాయి. చెరుకు రసం కాగి గడ్డకడితే సహజంగా వచ్చే రంగు ముదురు గోధుమ. దాన్ని తెల్లబరచడానికి బట్టీల్లో 'హైడ్రోస్' వేస్తారు, అది గంధకం కలిసిన రసాయనం. బెల్లంలో గంధకపు అవశేషం పదిలక్షల పాళ్లలో 70 పాళ్లు దాటకూడదని నిబంధన ఉంది. రసంలో మడ్డి తేల్చడానికి బెండ కాడల జిగురు వాడే పాత పద్ధతి ఇప్పటికీ కొన్ని బట్టీల్లో ఉంది. ఆ బెల్లం నల్లగా, మెత్తగా ఉంటుంది, వానకాలంలో చెమ్మగిల్లుతుంది. అందుకే దుకాణదారు దాన్ని వెనక మూలన పెడతాడు. నల్ల బెల్లం అంటే గుడుంబా గుర్తొచ్చే ప్రాంతం మనది, దానికి ఆ చెడ్డపేరు కూడా తోడైంది పాపం.

పత్తి తింటామా?

తింటాం. సిరిసిల్ల అనగానే బట్ట గుర్తొస్తుంది, పత్తి అనగానే దూది. గింజను మర్చిపోతాం. పత్తి గింజల నూనె మన దేశంలో వంటనూనెగా వాడతారు, మిర్చి బండి మూకుడులో, మిక్చర్ తయారయ్యేచోట ఎక్కువ. నూనె తీయగా మిగిలిన పత్తి చెక్క బర్రెల తొట్లోకి పోతుంది, అక్కడి నుంచి పాలు మన ఇంటికి. పురుగుమందులు బాగా వాడే పంటల్లో పత్తి ఒకటి. అది కట్టుకునే పంట, మన కంచం దాకా రాదు అనుకోవడం కుదరదన్నమాట.

ఎక్కువ విటమిన్లు ఉంటాయా?

సేంద్రియ దుకాణాల్లో తరచూ వినపడే మాట ఇది, తొందరపడి నమ్మొద్దు. 2012లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు రెండు వందలకు పైగా అధ్యయనాలను కలిపి చూశారు. విటమిన్లలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. పురుగుమందు అవశేషాలు దొరికే అవకాశం మాత్రం సేంద్రియ పంటల్లో తక్కువగా ఉంది. 2014లో బ్రిటన్ నుంచి వచ్చిన మరో పెద్ద సమీక్ష 343 అధ్యయనాలను చూసి, సేంద్రియ పంటల్లో కొన్ని యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువనీ, కాడ్మియం అనే లోహం తక్కువనీ తేల్చింది. పండితుల వాదన ఇంకా నడుస్తూనే ఉంది. 'ఇది తింటే షుగర్ పోతుంది, క్యాన్సర్ రాదు' అని అమ్మేవాణ్ణి చూస్తే మాత్రం దూరంగా జరగండి. సేంద్రియానికి చెడ్డపేరు తెస్తున్నది వాళ్లే.

తినేవాడి లాభం మీద ఎన్ని వాదనలున్నా, కొట్టేవాడి లాభం మీద వాదన లేదు. 2017లో ఆదిలాబాద్‌కు ఆనుకుని ఉన్న యవత్మాల్ జిల్లాలో పత్తి చేలల్లో మందు కొడుతూ దాదాపు ఇరవై మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. కంట్లో పడి చూపు దెబ్బతిన్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. వీపు మీద ట్యాంకు మోసే కూలీ మాస్కు లేకుండా, చెప్పులు లేకుండా, గాలికి ఎదురుగా నడుస్తాడు. మన కూరగాయ మీద మిగిలేది వాడు పీల్చిన దాంట్లో ఎన్నో వంతు? నన్నడిగితే, మందుల్లేని పంట కొనడానికి ఇదే అన్నిటికంటే గట్టి కారణం. మన ఆరోగ్యం రెండోది.

ఉప్పునీళ్లలో కడిగితే సరిపోదా అని అడుగుతారు. కూరగాయ పైన అంటుకున్న మందు కొంత పోతుంది, కడగడం మంచిదే. మొక్క రసంలోకి ఎక్కి కాయ లోపలికి చేరే మందులూ ఉన్నాయి, వాటిని ఏ ఉప్పూ, ఏ చింతపండు పులుసూ బయటికి లాగలేదు.

రాత్రికి రాత్రి అయ్యే పని కాదు

2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసింది. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు దెబ్బతింది, అదే ఏడాది నవంబరుకల్లా నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. సిక్కిం 2003లో మొదలుపెట్టి మెల్లగా, ఏటా కొంత చొప్పున తగ్గించుకుంటూ 2016 జనవరిలో పూర్తి సేంద్రియ రాష్ట్రంగా ప్రకటించుకుంది. పదమూడేళ్లు పట్టింది.

అంత దూరం పోనక్కర్లేదు. జనగామ జిల్లాలో ఏనబావి అనే చిన్న పల్లె ఉంది. మందుల ఖర్చుకు అప్పులపాలైన రైతులు ముందు పురుగుమందు మానుకున్నారు, తర్వాత రసాయన ఎరువు మానుకున్నారు, 2006లో ఊరు ఊరంతా రసాయనాలు లేని ఊరుగా ప్రకటించుకున్నారు. అంతకు కొన్నేళ్ల ముందే, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పునుకుల పురుగుమందులు వద్దనుకుంది. ఈ రెండు ఊళ్ల పేర్లు దేశంలో సేంద్రియం గురించి రాసేవాళ్లకు బాగా తెలుసు, కరీంనగర్ బస్టాండులో అడిగితే చెప్పేవాళ్లు తక్కువ.

రసాయనం మానేసిన మర్నాడే రైతుకు 'సేంద్రియం' అన్న గుర్తు రాదు. మామూలు పంటలకు రెండేళ్లు, మామిడి లాంటి తోటలకు మూడేళ్లు ఆగాలి. నేల కోలుకుంటూ ఉంటుంది, దిగుబడి తగ్గుతుంది, కలుపు కూలి పెరుగుతుంది, ధర మాత్రం మామూలు ధరే. చాలామంది రైతులు చేతులెత్తేసేది ఈ రెండు మూడేళ్లలోనే. పీజీఎస్‌లో ఈ నడిమి కాలానికి 'గ్రీన్' అనే వేరే గుర్తు ఉంది. మారుతున్న పొలం పంట అని దానర్థం. 'పూర్తి ఆర్గానిక్ అయినంక చూద్దాం' అని దాన్ని పక్కన పెడితే ఆ రైతు పూర్తి దాకా చేరడు. కొనాలంటే అప్పుడే కొనాలి.

పేడ ఏదీ?

ఎకరానికి సరిపడా జీవామృతం అనే సేంద్రియ ద్రావణానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, అయిదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కావాలి. వీటిలో ఈ రోజుల్లో దొరకనిది బెల్లం కాదు, పేడ! దున్నడానికి ట్రాక్టరు, కోతకు హార్వెస్టరు వచ్చాక కొట్టాలు ఖాళీ అయ్యాయి. ఊరి బయట పెంటకుప్పలు తగ్గాయి. చేలో గొర్ల మంద పెట్టించి రాత్రికింత అని గొల్ల కురుమలకు ముట్టజెప్పే పద్ధతి ఇంకా కొన్ని ఊళ్లలో మిగిలి ఉంది. జీలుగ, జనుము చల్లి పూతకు ముందే దున్నేయడం ఇంకో దారి. పాల ప్యాకెట్ కొనేటప్పుడు మన పశువులు ఎటుపోయాయని అడగం, సేంద్రియ కూర ధర చూసి మాత్రం నోరెళ్లబెడతాం.

పెద్ద గంజుల సంగతి

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో బడులు, వృద్ధాశ్రమాల్లాంటి నగరపాలక వంటశాలలు 2007లో ఒక పని తలకెత్తుకున్నాయి. వండేదాంట్లో 90 శాతం సేంద్రియం కావాలి, సరుకుల బడ్జెట్ పెరగకూడదు. కొన్నేళ్లలో దాని దరిదాపులకు చేరాయి. మాంసం కొంత తగ్గించారు, పప్పులూ కూరలూ పెంచారు, పారబోసేది తగ్గించారు, తయారుగా దొరికే ప్యాకెట్లు మానేసి వంటవాళ్లకు మళ్లీ వంట నేర్పారు. మిగిలిన డబ్బుతో సేంద్రియ సరుకు వచ్చింది.

మనకు దగ్గరి ఉదాహరణ తిరుమల. 2021లో శ్రీవారి నైవేద్యానికి గో ఆధారిత సాగులో పండిన బియ్యం, బెల్లం వాడటం మొదలుపెట్టారు, తర్వాత ప్రకృతి సాగు రైతుల నుంచి సరుకులు కొనే ఏర్పాటు చేసుకున్నారు. ఒక పెద్ద వంటశాల కొంటానంటే ఎన్ని పొలాలకు ధీమా వస్తుందో ఆంధ్ర రైతులు చూశారు. వేములవాడ, ధర్మపురి, కొండగట్టు అన్నదానాల గంజులు చిన్నవేం కావు. గురుకులాల హాస్టళ్లున్నాయి. సర్కారు తలచుకోనక్కర్లేని పెద్ద వంట ఇంకోటి ఉంది, అది పెళ్లి. నాలుగైదు వందల మందికి తక్కువ కాకుండా వండే ఇళ్లు మనవి. బియ్యం కాకపోయినా పప్పు, పసుపు, కారం ఒక్క రైతు గుంపు దగ్గర కొంటే వాళ్ల ఏడాది సగం గట్టెక్కుతుంది. విందులో ఇరవై ఒకటో రకం స్వీటు ఖర్చుతో సర్దుబాటయ్యే పని.

మామిడికి ముందుమాట

జగిత్యాల మామిడి లారీలెక్కి ఢిల్లీ దాకా పోతుంది. పండ్లను కార్బైడ్‌తో మాగబెట్టడం నిషేధం, పరిమితికి లోబడి ఎథిలీన్ వాయువు వాడొచ్చు. నిషేధం ఉన్నా కార్బైడ్ పొట్లాలు ఎందుకు దొరుకుతున్నాయంటే, ఉగాది నాటికే పసుపుపచ్చగా మెరిసే బంగినపల్లి కావాలని మనకు తొందర గనక. తోట దగ్గర పక్వానికొచ్చిన కాయలు కొని ఇంట్లో వరిగడ్డిలో వేసుకుంటే నాలుగైదు రోజుల్లో పండుతాయి. ఒక్కోటి ఒక్కోరోజు పండుతుంది, తొడిమ దగ్గర కాస్త ఆకుపచ్చగానే ఉంటుంది. అన్నీ ఒకే రంగులో, ఒకే రోజున తయారైన పెట్టె కనపడితే కాస్త ఆగి వాసన చూడండి.

ఎప్పుడు అడగాలి?

సేంద్రియ పంట కోసం మనం బయల్దేరేది పంట అంగట్లోకి వచ్చాక. అప్పటికి రైతు అప్పువాళ్ల ఒత్తిడికి మొత్తం మార్కెట్ యార్డులో కుప్పబోసి ఉంటాడు, మామూలు పసుపులో అదీ కలిసిపోయి ఉంటుంది. అడగాల్సింది విత్తేముందు. పసుపుకైతే వానలు మొదలయ్యే జూన్‌లో, కందికీ పెసరకూ కూడా అప్పుడే, యాసంగి కూరగాయలకు దసరా దాటాక. నాలుగిళ్లు కలిసి ఒక రైతును పట్టుకోండి. ఎంత కావాలో కిలోల్లో చెప్పండి, ధర అప్పుడే మాట్లాడుకోండి, వీలైతే కొంత బయానా ఇవ్వండి. పీజీఎస్ గుంపులు పొలాల తనిఖీకి పోయేటప్పుడు కొనేవాళ్లూ వెంట వెళ్లొచ్చు, ఆ పద్ధతిలో వినియోగదారులకూ చోటుంది. పిల్లల్ని కూడా తీసుకుపొండి. పోయేముందు రైతుకు ఫోన్ చేసి ఏ రోజు కలుపు తీయిస్తున్నాడో కనుక్కోండి, ధర ఎందుకు ఎక్కువో ఆ రోజైతే వేరే చెప్పించుకోనక్కర్లేదు.